తాడుకు సన్మానం

కొప్పిశెట్టి తాతారావుకు భద్రత మీద భక్తి కుదిరింది ఆయన గొడుగు ఎగిరిపోయిన రోజున. అంతకుముందు ఆయనా అందరిలాంటి అసిస్టెంటు ఇంజనీరే. ఉద్యోగం వాహనోద్ధరణ శాఖలో. కాలువగట్ల మీంచి జారిపోయిన లారీలనీ, రేగడి బురదలో దిగబడిన ట్రాక్టర్లనీ వించి జీపుతో పైకి లాగించడం ఆయన పని. ఈ శాఖ ఉన్న సంగతి చాలామందికి తెలియదు. బండి దిగబడినవాళ్ళకు మాత్రం తెలుసు, తెలుసుకున్నందుకు వాళ్ళు విచారిస్తుంటారు.

వించి అంటే బ్రహ్మవిద్య కాదు. జీపు ముందు ఒక డ్రమ్ము, దానికి చుట్టిన ఇనుపతాడు, తాడు చివర ఒక కొక్కెం. కొక్కేన్ని దిగబడిన బండికి తగిలించి మీట నొక్కితే డ్రమ్ము తిరుగుతుంది, తాడు బిగుస్తుంది, బండి మూలుగుతూ బయటికొస్తుంది. అంతా బాగుంటే ఇంతే. కొక్కెం జారినా, తాడు తెగినా మాత్రం అప్పటిదాకా బిగబట్టిన బలమంతా తాడు ఒక్కసారి కక్కేస్తుంది. అప్పుడు దాని దారిలో ఏముందో అది చూసుకోదు.

ఆ రోజు కోడేరు కాలువగట్టు దగ్గర కంకర లారీని లాగుతుంటే తాతారావు తాడు పక్కనే గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. కొక్కెం జారింది. చెవి పక్కనుంచి ఏదో జుయ్యిమని వెళ్ళింది. చూసుకుంటే చేతిలో గొడుగు పిడి ఉంది, దాని మీద గొడుగు లేదు. కాలువ అవతల వరిచేలో పడి ఉంది. ఒక కొంగ దాని చుట్టూ తిరిగి చూస్తోంది.

"ఏం కాలేదు కదండీ, గొడుగే కదండీ," అన్నాడు వించి ఆపరేటరు నూకరాజు. బెత్తెడు ఇటుగా వచ్చుంటే ఏమయ్యేదో తాతారావు ఆలోచించుకున్నాడు. ఆలోచన పూర్తికాకుండానే గట్టు మీద కూలబడ్డాడు.

ఇంటికెళ్ళి పిడిని బల్ల మీద పెట్టాడు. భార్య వీరవేణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, జరిగింది విన్నది. తర్వాత అన్నం వడ్డిస్తూ మెల్లగా చెప్పింది. "ఇంకోసారి ఆ తాడు పక్కన నించున్నారని తెలిసిందంటే మీరు ఇంటికి రావక్కర్లేదు. దాంతోనే కాపరం చేసుకోండి."

వించి జీపు కొన్నప్పుడు దాంతో పాటు వచ్చి, కట్ట కూడా విప్పకుండా పడి ఉన్న పుస్తకాన్ని మర్నాడు తాతారావు వెతికి తీసి చదివాడు. అందులో పెద్ద రహస్యాలేమీ లేవు. పోగులు తెగిన తాడు వాడకూడదు. తాడు బిగించే ముందు దాని నడుమ తడిగోనె లాంటి బరువైనది వేయాలి, తెగితే ఆ బరువుకు తాడు గాల్లోకి లేవకుండా నేలకు పడుతుంది. బిగిసిన తాడును దాటకూడదు. అక్కడున్న వాళ్ళంతా తాడు పొడుగుకు ఒకటిన్నర రెట్లు దూరం పోవాలి. మీట నొక్కేవాడు కూడా మీటకు పొడుగాటి వైరు తగిలించుకుని జీపు వెనక్కి పోయి నొక్కాలి. ఆ వైరు అందుకే ఇచ్చారు. నూకరాజు దాని మీద ఇన్నాళ్ళూ బట్టలు ఆరేసుకుంటున్నాడు.

తాతారావు వెళ్ళి తాడు చూశాడు. నడిమిభాగంలో పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. ఇది ఈ రోజు కాకపోతే రేపు తెగుతుంది, తెగినప్పుడు పక్కన ఎవరో ఒకరుంటారు. ఆ ఎవరో ఒకరు లేకుండా చూడాలి. ఆయనకు కావలసింది అంతే. కొత్త తాడు ఇప్పించమనీ, తడిగోనె వేయించమనీ, జనాన్ని దూరంగా ఉంచమనీ పైకి రాశాడు.

పైన ఉన్నది ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఆనందమోహన్ గారు. ఆయనకు మామూలుగా మాట్లాడడం చేతకాదు. దాహమేసినా "జలపానం నిమిత్తం తగు ఏర్పాటు చేయవలసినది" అంటారు. నీళ్ళు వచ్చేసరికి ఆలస్యమవుతుంది కానీ హుందాగా వస్తాయి.

"తాతారావు గారూ, మీ ప్రతిపాదన ఆమూలాగ్రం పరిశీలించాను," అన్నారాయన. "స్ఫూర్తి బాగుంది. స్థాయి బాగాలేదు."

"స్థాయి అంటే ఏంటండి?"

"గోనె. మన శాఖ చిహ్నంలో చక్రముంది, వరికంకి ఉంది. గోనె ఎక్కడైనా ఉన్నదా? శాఖ తరఫున ఇన్నేళ్ళుగా ఎంతోమందికి వస్త్రం కప్పియున్నాము. గోనె కప్పిన పూర్వోదాహరణ ఒక్కటీ లేదు. మన శాఖ కప్పితే శాలువాయే కప్పును."

చెప్పడమే కాకుండా లేచి బీరువా తలుపు తీశారు. తీయగానే శాలువాలు దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ళ మీద పడ్డాయి. సన్మానాల్లో ఆయనకు కప్పినవి కొన్ని, ఆయన కప్పగా మిగిలినవి కొన్ని. కొన్నింటికి ఇంకా గులాబీ రేకులు అంటుకుని ఉన్నాయి.

"శాలువా తేలికండి," అన్నాడు తాతారావు. "తాడు తెగితే శాలువాతో సహా ఎగిరొచ్చేస్తుందండి."

"అయితే బరువైన శాలువాలు కొందాము. నిధులున్నవి."

"ఏ నిధులండి?"

"మీరు కొత్త తాడు నిమిత్తం అడిగినవే. తాడు భద్రత అన్న పద్దు కింద మంజూరు చేయించాను. శాలువా కూడా తాడు భద్రతయే కదా."

"మరి తాడో అండి?"

ఆనందమోహన్ గారు జాలిగా చూశారు. "ఇంత గౌరవం ఇచ్చాక తాడు ఎందుకు తెగుతుందండీ?"

దీనికి ఇంజనీరింగులో సమాధానం ఉంది. ఉద్యోగంలో లేదు. తాతారావు నమస్కారం పెట్టి వచ్చేశాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా సమస్త వించి సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఏ వాహనమునైనను ఉద్ధరించుటకు మునుపు, హాజరైయున్న అధికారులలో జ్యేష్ఠులు సదరు తాడునకు శాలువా కప్పవలెను. కప్పుచుండగా ఫొటో తీసి నిదర్శనముగా పంపవలెను. కప్పనిదే మీట నొక్కరాదు. సిబ్బంది, ప్రజలు తాడునకు గౌరవప్రదమైన దూరమున నిలువవలెను."

ఆఖరి వాక్యం చూసి తాతారావుకు కాస్త ప్రాణం లేచొచ్చింది. దూరం అన్న మాట ఒకటి మిగిలింది కదా అనుకున్నాడు. అయితే సన్మానాల్లో గౌరవప్రదమైన దూరమంటే ఏమిటో మనకు తెలిసిందే. సన్మానితుడి పక్కన, భుజం భుజం రాసుకుంటూ, ఫొటోలో పడేంత.

మొదటి సన్మానం వేమలపూడి దగ్గర బోదెకాలువలో పడిన ట్రాక్టరు పుణ్యమా అని జరిగింది. జ్యేష్ఠ అధికారి అంటే ఆ రోజుకు తాతారావే. ఆయన శాలువా కప్పబోతుంటే ఫొటో తీసేవాడు ఆపాడు. తాడు వదులుగా ఉంటే ఫొటో బాగా రాదట, కాస్త బిగించమన్నాడు. నూకరాజు బిగించాడు. గట్టు మీదున్న వాళ్ళంతా ఫొటో కోసం దగ్గరికి జరిగారు. "ఇంకొంచెం దగ్గరికి రండి, పెద్దాయన తల కోసుకుపోతోంది," అన్నాడు ఫొటో తీసేవాడు. ఆ మాటకు తాతారావు తన మెడ తడిమి చూసుకున్నాడు.

నూకరాజుకు మాత్రం ఈ ఏర్పాటు తెగ నచ్చింది. సన్మానం అయ్యాక శాలువా ఆపరేటరుకే చెందుతుందని ఆయనే ఒక ఆనవాయితీ పెట్టి, ఆయనే దాన్ని నిష్ఠగా పాటిస్తూ వచ్చాడు. ఇంట్లో కిటికీలకు శాలువాలు, మంచానికి శాలువా, చలికాలం వచ్చేసరికి ఆవుకు కూడా శాలువా. తాడు పక్కన ఫొటో దిగడం కోసం మీటను దూరంగా పట్టుకెళ్ళడం కూడా మానేశాడు.

"నూకరాజూ, ఆ వైరు పట్టుకుని జీపు వెనక్కి పోయి నొక్కవయ్యా," అని తాతారావు బతిమాలితే, "ఎనక్కెళ్తే ఫొటోలో పడనండి," అన్నాడు. "ఫొటోలో లేకపోతే నేను డూటీకి రానట్టే కదండీ."

పద్ధతి పెరిగింది. శాలువాతో ఆగితే సన్మానం వెలితిగా ఉందని దండ చేరింది. దండ వేశాక నాలుగు మాటలు చెప్పకపోతే ఎలా అని ప్రసంగం చేరింది. తాడుకు విశిష్ట సేవా పురస్కారం ఇచ్చారు. అందుకోవడానికి తాడుకు చేతులు లేవు గనుక ఆనందమోహన్ గారే తాడు తరఫున అందుకున్నారు. ఇంతలో తెగిన పోగులకు తగులుకుని శాలువాలు చిరగడం మొదలైంది. నూకరాజు ఫిర్యాదు చేశాడు. విషయం తీవ్రంగా తీసుకుని, పోగులు గుచ్చుకోని మందపాటి శాలువాలు తెప్పించారు. వాటి కింద పోగులు కనిపించడం కూడా మానేశాయి. అందరి మన్ననలూ అందుకుంటూ ఆ తాడు లోలోపల చిక్కిపోతూ వచ్చింది.

తాతారావు ఒకసారి ధైర్యం చేసి శాలువా కింద తడిగోనె దాచాడు. ఫొటోలో గోనె అంచు బయటపడింది. మెమో వచ్చింది. "సన్మానిత తాడునకు గోనె కప్పి అవమానించుటకు గల కారణములు తెలుపవలెను." తాతారావు పొరపాటున జారి పడిందని రాసి బయటపడ్డాడు. ఇంట్లో వీరవేణి ఆ మెమో చదివి, "తెగబోయేది తాడైతే తలదించుకునేది మీరా?" అన్నది.

ఇక జ్యేష్ఠ అధికారి దొరికేదాకా దిగబడిన బండి దిగబడే ఉండేది. ఇటుకల లారీ ఒకటి ఆనందమోహన్ గారి సమావేశాలు ముగిసేదాకా బురదలో ఆగి, చక్రాల చుట్టూ తుంగ మొలిచాక బయటపడింది. అది చూశాక జనం శాఖను పిలవడం మానేశారు. ఎవరి తిప్పలు వాళ్ళు పడి గేదెల్ని కట్టి లాక్కోసాగారు. ఆ ఏడాది నివేదికలో ఆనందమోహన్ గారు గర్వంగా రాశారు. శాలువా విధానము అమలైన పిమ్మట వించి ప్రమాదములు గణనీయముగా తగ్గియున్నవి. నిజమే, లాగితేనే కదా ప్రమాదం.

ఇలా ఉండగా వీరవేణి తమ్ముడు దొరబాబు రొయ్యలు పట్టాడు. దొరబాబుకు కోడేరు అవతల ఒక చెరువు ఉంది. అంతకుముందు వేసిన పంటలన్నీ తెగుళ్ళొచ్చి పోయాయి. ఈసారి రొయ్య చేతికొచ్చింది. ట్రేలలో ఐసు వేసి, లారీకెత్తి, తెల్లవారగానే బయల్దేరదీశాడు. రాత్రి పడిన వానకు గట్టు నాని ఉంది. కోడేరు తూము దాటగానే లారీ వెనకచక్రం గట్టు దిగి, లారీ మొత్తం కాలువ వైపు ఒరిగి బురదలో కూర్చుంది.

"బావా," అన్నాడు దొరబాబు ఫోన్లో. "లారీ దిగిపోయింది బావా. ఐసు మద్దేనం దాకా ఆగుద్ది. ఆ తర్వాత నేనేం సెయ్యలేను. తొందరగా వచ్చెయ్ బావా."

తాతారావు వించి జీపుతో పరుగున వెళ్ళాడు. నూకరాజు జీపును గట్టు మీద నిలిపి, చక్రాలకు అడ్డు వేసి, కొక్కెం తగిలించాడు. ఇక మీట నొక్కడమే ఉంది. తాతారావు జ్యేష్ఠ అధికారి హోదాలో శాలువా తీసి విప్పుతుండగా ఫోను మోగింది.

"తాతారావు గారూ, ఆగండి," అన్నారు ఆనందమోహన్ గారు. "దైవికముగా మన వాహనోద్ధరణ మండలి చైర్మన్ గారు నేడు జిల్లా పర్యటనలో ఉన్నారు. భద్రతా వారోత్సవములను వారి కరకమలములతో మీ తాడు వద్దనే ప్రారంభించుటకు అంగీకరించియున్నారు. మేము బయలుదేరుచున్నాము."

"రొయ్యల లారీ అండి. ఐసు కరిగిపోతుందండి."

"రొయ్యలు ఎక్కడికీ పోవు కదండీ," అన్నారు ఆనందమోహన్ గారు. రొయ్యల గురించి ఆయన చెప్పిన ఒకే ఒక్క సత్యం అది. అవి ఎక్కడికీ పోలేదు.

తాతారావు నూకరాజును పక్కకు తీసుకెళ్ళాడు. "ఈలోగా లాగేద్దాం. చైర్మన్ గారొచ్చాక ఇంకో బండి చూపిద్దాం."

"ఆయ్, చైర్మన్ గారి శాలువా పడకుండా నేను మీట ముట్టుకోనండి," అన్నాడు నూకరాజు. "రూలండి. పైగా ఈయాల ఫొటో పేపర్లో పడుద్దండి. మా ఆవిడికి సెప్పేసానండి."

మొదట షామియానా వచ్చింది. సన్మానం తాడుకు గనుక షామియానా తాడు మీదే వేశారు. తర్వాత కుర్చీలు వచ్చాయి. తాడుకు ఇటో వరస, అటో వరస, ఇటు వరస మధ్యలో పెద్ద కుర్చీ, దాని మీద తెల్లటి తువ్వాలు. తాడు చైర్మన్ గారి మోకాళ్ళ ముందునుంచి వెళ్తుంది. నూకరాజు బిగించి చూపిస్తే బాగుంటుందన్నారు, ఫొటో కోసమైతే రూలు అడ్డురాదని బిగించాడు. పైన దండ వేలాడుతోంది, కింద పోగులు టక్కుమంటున్నాయి. తాతారావుకు తప్ప ఆ చప్పుడు ఎవరికీ వినపడినట్టు లేదు.

మిట్టమధ్యాహ్నానికి ఆనందమోహన్ గారొచ్చారు. తాతారావు చేతులు జోడించాడు. "సార్, కుర్చీలు దూరంగా వేయిద్దామండి. తాడు పొడుక్కి ఒకటిన్నర రెట్లండి. పుస్తకంలో ఉందండి."

ఆనందమోహన్ గారు కళ్ళతోనే దూరం కొలిచారు. "అంటే కాలువ అవతల వేయవలె. చైర్మన్ గారిని కాలువ అవతల కూర్చోబెట్టి తాడునకు శాలువా విసరమందునా?"

"విసిరినా పర్లేదండి."

"మీకు విశ్రాంతి అవసరమనిపిస్తున్నదండీ," అన్నారాయన.

గట్టు కింద దొరబాబు లారీ చుట్టూ తిరుగుతున్నాడు. ట్రేల కిందనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అతను చేయి పెట్టి చూసి, తలెత్తి తాతారావు వైపు చూశాడు. తాతారావుకు అటు చూస్తే బావమరిది, ఇటు చూస్తే తాడు. ఒకచోట పంట కుళ్ళిపోతోంది, ఇంకోచోట ఎవరి మెడ తెగుతుందో తెలియదు. ఇద్దరికీ తను చేయగలిగింది శాలువా మడత విప్పడమే. జీవితంలో అంత చేతకానితనం ఆయన ఎప్పుడూ ఎరగడు.

చైర్మన్ గారు పొద్దు వాలాక వచ్చారు. కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో అధికారులు, వెనక కోడేరు జనం, తాడు పక్కనే కొత్త చొక్కా తొడుక్కుని నూకరాజు. చైర్మన్ గారు మైకు అందుకున్నారు. ఆయన ప్రసంగం మొదలుపెడితే శ్రోతలు ఇళ్ళకు కబురు పంపుకుంటారని ప్రతీతి.

"ఈ తాడును చూస్తుంటే నాకు నా బాల్యం గుర్తుకొస్తోంది," అని మొదలుపెట్టారు. "మానవ సంబంధాలను కూడా తాడు వలె..."

అప్పుడే గాలి తిరిగింది.

మొదట వెనక వరసలో ఒకాయన పక్కాయన వైపు అనుమానంగా చూశాడు. పక్కాయన కూడా ఆయన వైపు అలాగే చూశాడు. తర్వాత ఇద్దరూ కలిసి లారీ వైపు చూశారు. రొయ్య తాజాగా ఉన్నంతసేపే మర్యాద పాటిస్తుంది. ఎండలో ఐసు కరిగాక దానికి హోదాలు తెలియవు. రుమాళ్ళు బయటికొచ్చాయి. రుమాళ్ళ తర్వాత తువ్వాళ్ళు. ఆడవాళ్ళు కొంగులు అడ్డుపెట్టుకుని లేచారు. పిల్లలు అప్పటికే తూము దాటేశారు.

"...వలె బిగించుకోవాలి," అన్నారు చైర్మన్ గారు, ఊపిరి బిగించి. "ఇంతటితో..." అన్నారు. ఆయన ప్రసంగాల్లో ఆ మాట ఇంత తొందరగా రావడం అదే మొదలు. శాలువా తీసుకుని తాడు మీదికి ఒక్క విసురు విసిరి, ముక్కు మూసుకుని నడక అందుకున్నారు. ఆయన నడుస్తుంటే అధికారులు కూర్చోకూడదు కదా, అందరూ లేచారు. చైర్మన్ గారి నడక పరుగైంది. అందరి నడకా పరుగైంది. తూము దాటారు, కాలువ మీది చిన్న వంతెన దాటారు, అవతలి గట్టెక్కి గాలి తగిలే చోట ఆగి వంగుని రొప్పారు. ఆనందమోహన్ గారు రొప్పడం కూడా నిండుగా రొప్పారు.

ఇవతల తాడు దగ్గర మిగిలింది నూకరాజు, తాతారావు. నూకరాజు తాడు మీది శాలువా లాగి ముక్కుకు చుట్టుకున్నాడు. రూలు పూర్తయింది గనుక మీట అందుకున్నాడు.

"ఇక్కడ కాదు, వెనక్కి నడు," అన్నాడు తాతారావు.

"ఫొటో అండి."

"ఫొటో తీసేవాడు కాలువ అవతలున్నాడు. చూడు."

నూకరాజు చూశాడు. నిజమే, కెమెరాతో సహా అవతలున్నాడు. ఫొటో లేని చోట నిలబడి కంపు పీల్చడంలో అర్థం లేదని ఆయనకు తోచింది. తాతారావు ఆయన రెక్క పట్టుకుని, వైరు ఎంత పొడుగుంటే అంత దూరం, జీపు వెనక్కి, ఇంకా వెనక తుమ్మచెట్టు దాకా లాక్కెళ్ళాడు. దొరబాబును గట్టు దిగి చాలా దూరం పొమ్మని కేకేశాడు. దొరబాబు కదల్లేదు. "నీ అక్క మీద ఒట్టురా, కదులు," అన్నాడు. కదిలాడు.

నూకరాజు మీట నొక్కాడు. డ్రమ్ము తిరిగింది. లారీ ఒక్క జానెడు కదిలింది. తాడు తెగింది.

చప్పుడు తుపాకి పేలినట్టు వచ్చింది. షామియానా నడుముకు రెండు ముక్కలై కూలిపోయింది. ముందు వరస కుర్చీలకు వీపులు లేవు. పెద్ద కుర్చీ రెండుగా చీలి చెరో వైపు పడింది, దాని మీది తువ్వాలు మాత్రం గాల్లో లేచి, తొందరేమీ లేకుండా వచ్చి కాలువలో వాలింది. మైకు కనిపించలేదు.

తాతారావు అందరినీ ఒకరొకరిగా చూసుకున్నాడు. చైర్మన్ గారు, ఆనందమోహన్ గారు, ఆడవాళ్ళు, పిల్లలు, శాలువాలో ముక్కు దాచుకున్న నూకరాజు, బురదలో నిలబడ్డ దొరబాబు. అందరికీ తలలున్నాయి. ఆయనకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు. వెళ్ళి కంపుకొట్టే ఆ లారీకి రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"బావా, నా రొయ్యలు పోయాయి," అన్నాడు దొరబాబు.

"పోతే పోయాయిరా," అన్నాడు తాతారావు. "ఎంతమందిని బతికించాయో చూడు." దొరబాబుకు ఆ మాట ఊరటనివ్వలేదు. ఎవరికిస్తుంది?

కోడేరు వాళ్ళు ముక్కులు కట్టుకుని ట్రేలు దింపి, ఖాళీ లారీని గేదెలతో బయటికి లాగారు. ట్రేలలోని రొయ్యల్ని దొరబాబు తన చెరువుగట్టు కింద పాతిపెట్టాడు.

విచారణ సంఘం వచ్చింది. తాతారావు ఈసారి భయపడలేదు. తాడు ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టి, తెగిన పోగులు వేలితో చూపించాడు. కొత్త తాడు, తడిగోనె, దూరం, ఈ మూడూ ఉంటే చాలునన్నాడు. సంఘంలోని పెద్దాయన శ్రద్ధగా విన్నారు.

"ప్రాణనష్టం జరగకుండుటకు మూలకారణమేమి?"

"అందరూ దూరంగా ఉన్నారండి."

"ఎందులకు దూరముగా ఉన్నారు?"

తాతారావు అబద్ధం చెప్పే మనిషి కాదు. "కంపు కొట్టిందండి," అన్నాడు.

సంఘం వారు ఒకరినొకరు చూసుకున్నారు. ఈ కేసులో కొత్త సంగతి అదొక్కటే ఉంది. దాన్నే రాసుకున్నారు.

ఉత్తర్వు ఇలా వచ్చింది. "ఇకమీదట ప్రతి వించి వాహనమునందును తగుమేర కుళ్ళిన రొయ్యల బుట్ట ఒకటి ఉంచి, తాడు బిగించుటకు మునుపు తెరవవలెను. తెగిన తాడు సన్మానితము అగుటచేతను, సన్మానితులను వీడ్కోలు సభ జరుపకుండ తొలగించు ఆచారము లేనందునను, దానిని అతికించి సేవలో కొనసాగించవలెను." వీడ్కోలు సభకు చైర్మన్ గారు తేదీ ఇవ్వలేదు. తాడు పక్కన కూర్చోవడమంటే ఆయనకు ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుందట.

బుట్టలు సరఫరా చేసే పని దొరబాబుకే వచ్చింది. అనుభవం ఉన్నవాడు ఇంకొకడు లేడు. మొదటి బుట్ట పంపినప్పుడు అలవాటు కొద్దీ కాస్త ఐసు వేశాడు. తనిఖీ అధికారి మూత తీసి వాసన చూసి, "తాజాగా ఉన్నవి, తిరస్కరించడమైనది," అని రాసి ఇంటికి పట్టుకెళ్ళాడు. రెండోసారి దొరబాబు బుట్టను ఎండలో పెట్టాడు, ఆమోదం వచ్చింది. మంచి సరుకు పండించినన్నాళ్ళూ నష్టపోయినవాడు చెడగొట్టడం మొదలుపెట్టాక నిలదొక్కుకున్నాడు.

తాతారావుకు కోపం రాలేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ నిజంగానే రాలేదు. బుట్ట తెరవగానే జనం పారిపోతున్నారు. ఆఫీసర్లు పారిపోతున్నారు. నూకరాజు చెప్పకుండానే వైరు పట్టుకుని జీపు వెనక్కి పోతున్నాడు. అతుకుల తాడు దగ్గర ఒక్క పురుగు లేదు. పుస్తకం చెప్పిందీ, తను అడిగిందీ ఇదే. గోనెతో రానిది రొయ్యతో వచ్చింది, వస్తే చాలుననుకున్నాడు. ఇంటికెళితే వీరవేణి నూతి దగ్గరే ఆపి నీళ్ళు కుమ్మరించేది, ఆ తర్వాతే లోపలికి రానిచ్చేది. అయినా వచ్చేది మొగుడే, ఒంటిమీద తలతో వస్తున్నాడు.

ఆ రోజులు ఎక్కువ కాలం సాగలేదు. ఒకనాడు అదే కోడేరు తూము దగ్గర చేపల వ్యాను దిగబడితే తాతారావు జీపుతో వెళ్ళేసరికి అక్కడ అప్పటికే కుర్చీలు వేసి ఉన్నాయి. తాడుకు ఇటో వరస, అటో వరస.

"రొయ్యల బుట్ట తెరచుట అనునది భద్రతా చర్య గనుక," అన్నారు ఆనందమోహన్ గారు, "జ్యేష్ఠులు తెరువవలె. తెరచుచుండగా ఫొటో ఉండవలె. బుట్టకు శాలువా కూడా యోచించాము."

"కంపుకు ఆగలేరండి," అన్నాడు తాతారావు. ఆ మాటలో ఆయన ఆశ అంతా ఉంది.

"ఆ సమస్యను పరిష్కరించియున్నాము." ఆనందమోహన్ గారు జేబులోంచి మల్లెపూల పరిమళం అద్దిన ముక్కుతొడుగు తీసి సగర్వంగా తగిలించుకున్నారు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తగిలించుకున్నారు. నూకరాజు కూడా తగిలించుకుని, చొక్కా సర్దుకుని, తాడు పక్కకు వచ్చి నిలబడ్డాడు. "అధికారులు వాసన సోకకుండ తాడు సమీపమున ఎంతసేపైనను ఉండగలరు. కొత్త తాడు నిమిత్తం మళ్ళీ వచ్చిన నిధులు ఇందులకు సరిపోయినవి."

డ్రమ్ము నెమ్మదిగా తిరిగింది. అతుకు దగ్గర పోగు ఒకటి టక్కుమంది.

తాతారావు వెనక్కి నడిచాడు. తాడు పొడుగుకు ఒకటిన్నర రెట్లు దూరం నడిచి, తూము గట్టు మీద ఒక్కడే నిలబడి, బావమరిదికి ఫోను చేశాడు.

"దొరబాబూ, అందరికీ ముక్కుతొడుగులు ఇచ్చేశార్రా. నీకు పుణ్యముంటుంది, బండేసుకుని వచ్చెయ్. ఆ ఎండలో పెట్టినవి కావు, చెరువుగట్టు కింద నువ్వు పాతిపెట్టినవి ఉన్నాయి చూడు, అవి తవ్వి పట్రా."